అమ్మమ్మగారిల్లు ఎన్ని మైళ్ళు

ట్రెవర్ లింక్విస్ట్ మా కేంద్రానికి డైరెక్టరుగా రాగానే చేసిన మొదటి ఘనకార్యం గోడల నిండా రంగు కాగితాలు అంటించడం. ‘నీ ప్రయాణం ఇక్కడే మొదలు’ అని ఒకటి. ‘పెద్ద కలలు కను’ అని ఇంకొకటి. పొద్దున అయిదింటికి లేచి, ఒళ్ళు హూనం చేసుకుని, సాయంత్రం నాలుగింటికి క్లాసులోకి వచ్చి కూలబడే మనుషులు మా దగ్గర చదువుకునేవాళ్ళు. అందులో సగం మందికి మోకాళ్ళు అరిగిపోయాయి. వాళ్ళని పట్టుకుని కలలు కనమంటాడు. కలలు రావాలంటే ముందు నిద్ర ఉండాలి కదా, ఆ మాత్రం తోచలేదు మహానుభావుడికి.

నా పేరు ఆర్డిత్ కోంబ్స్. కెంటకీ తూర్పు కొండల్లో పుట్టి, ఇక్కడి హైస్కూల్లోనే ముప్ఫై ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక ఒక్క ఏడాది ఇంట్లో కూర్చుని, గోడలతో పోట్లాడుకోలేక ఈ కేంద్రంలో చేరాను. చిన్నప్పుడు చదువు మానేసినవాళ్ళని ఇక్కడ జీఈడీ పరీక్షకి తయారుచేస్తాం. అది పాసైతే హైస్కూలు పాసైనట్టే లెక్క. వచ్చేవాళ్ళలో చాలామంది ఒకప్పుడు నా క్లాసు ఎగ్గొట్టి కిటికీలోంచి దూకినవాళ్ళే. ఇప్పుడు తలలు నెరిశాక మళ్ళీ వచ్చి నా ఎదురుగానే కూర్చుంటారు. నాకు జాలి వేస్తుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ‘అప్పుడే వినుంటే ఈ బాధ ఉండేదా’ అని మొహం మీదే అంటాను.

మొహం మీద అన్నా ఏమీ అనుకోనివాడు డెల్మర్. అరవై మూడేళ్ళ మనిషి, బొగ్గు గనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకుని ఇంట్లో కూర్చున్నాడు. పెళ్ళాం పోరు పడలేక క్లాసుకి వస్తాడు. లెక్కలు నేర్చుకోడు కానీ నా మీద వ్యాఖ్యానాలు మాత్రం చేస్తాడు. నేను ఎనిమిది అంకె రాసే తీరు అతనికి పెద్ద వేడుక. అందరిలా మెలిక తిప్పి రాయడం నాకు అలవాటు లేదు. ఒక సున్న చుట్టి, దాని నెత్తిన ఇంకో సున్న పెడతాను. నేను బోర్డు మీద ఎనిమిది వేసినప్పుడల్లా, “అదిగో, టీచరమ్మ మంచుబొమ్మని నిలబెట్టింది, దానికో టోపీ పెట్టండర్రా” అంటాడు. నవ్వనిది రీథా ఒక్కతే. ఆవిడ తలవంచుకుని లెక్క ఎక్కించుకుంటూ ఉంటుంది.

రీథా నేపియర్‌కి యాభై ఒక్కేళ్ళు. తొమ్మిదో క్లాసులో నా దగ్గరే చదివింది. పదిలో వాళ్ళమ్మ మంచాన పడితే మానేసింది. ఆ రోజు నేనేమీ బాధపడలేదు, దిద్దాల్సిన కాగితాల్లో ఒకటి తగ్గిందనుకున్నాను. అప్పట్నుంచీ ఏదో ఒక వంటగదిలోనే ఉంది. ఊరి చివరి వృద్ధాశ్రమంలో ఇరవై రెండేళ్ళు, అందులో పదకొండేళ్ళుగా ఆ వంటగదికి ఆవిడే పెద్ద. అరవై నలుగురు ముసలివాళ్ళలో ఎవరికి ఉప్పు తగ్గించాలి, ఎవరికి మెత్తగా చిదిమి పెట్టాలి, ఎవరు పాలు ముట్టుకోరు అన్నది కాగితం చూడకుండా చెప్పేస్తుంది.

జనవరిలో ఆ ఆశ్రమాన్ని ఎక్కడో ఉన్న కంపెనీ ఒకటి కొనుక్కుంది. కొన్నవాళ్ళు వచ్చి ముసలివాళ్ళ మొహాలు చూడలేదు కానీ ఉత్తరాలు మాత్రం దండిగా పంపారు. వంటగది బాధ్యతలో ఉన్నవాళ్ళకి హైస్కూలు అర్హత ఉండి తీరాలట. జూన్ ముప్ఫైలోగా కాగితం చూపించకపోతే ఆ స్థానం ఖాళీ అయినట్టు భావిస్తారట. మనిషి అక్కడ నిలబడి గరిటె తిప్పుతూ ఉండగా స్థానం ఎలా ఖాళీ అవుతుందో ఆ రాసినవాడికే తెలియాలి. హైస్కూలు పాసైన ఆ ప్రబుద్ధుడి చేత మొక్కజొన్న రొట్టె ఒకటి చేయిస్తే తెలుస్తుంది, ఎవరి చదువు ఎంతో.

రీథా ఫిబ్రవరి నుంచి వస్తోంది. ఆవిడకి భిన్నాలు నేను నేర్పలేదు, నాకంటే వేగంగా వేస్తుంది. అరవై నలుగురికి సరిపోయే కొలతల్ని నలభై మందికి తగ్గించడం ఆవిడకి రోజూ ఉన్న పనే. బీజగణితం దగ్గర మాత్రం బెదిరింది. ఎక్స్ అంటే మనకి తెలియని సంఖ్య అని నేను మూడు వారాలు గొంతు చించుకున్నాను. నాలుగో వారం ఆవిడే, “పోనీ దాన్ని బంగాళాదుంపల బస్తా అనుకోనా టీచరమ్మా? లోపల ఎన్నున్నాయో ఇప్పక ముందు తెలవదు గదా” అంది. ఏదో ఒకటి అనుకో, జవాబు రాబట్టు అన్నాను. ఆ తర్వాత ఆవిడ బస్తాలు ఇప్పడం ఆపలేదు.

అసలు పరీక్షకి పంపే ముందు మా కేంద్రం సొంతంగా ఒక పరీక్ష పెడుతుంది. నలభై ప్రశ్నలకి ఇరవై ఎనిమిది ఒప్పయితేనే చీటీ ఇస్తుంది. ఆ చీటీ లేనిదే అసలు పరీక్షకి పేరు పంపరు. తప్పితే మళ్ళీ రాయడానికి నెల ఆగాలి. ట్రెవర్ వచ్చాక ఇంకో నిబంధన కూడా పెట్టాడు. పాఠం చెప్పేవాళ్ళు ఆ ప్రశ్నపత్రం కంటితో చూడకూడదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు పేపర్లు నేనే తయారుచేసి నేనే దిద్దిన దాన్ని, ఇప్పుడు పేపరు వైపు చూస్తే దొంగనైపోతాను. మిన్నెసోటా నుంచి వచ్చిన ముప్ఫై నాలుగేళ్ళ కుర్రాడు నాకు నిజాయితీ నేర్పుతున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది కానీ, సరేలెమ్మని ఊరుకున్నాను.

జూన్ మొదటి మంగళవారం ఫలితాలొచ్చాయి. డెల్మర్‌కి పంతొమ్మిది. గనిలో కూడా తన లెక్క అంతే ఉండేదని, అయినా పైకప్పు కూలలేదని అందరికీ చెప్పుకున్నాడు.

రీథాకి ఇరవై ఏడు వచ్చాయి.

ఆవిడ ఏడవలేదు. కాగితాన్ని రెండు మడతలు పెట్టి గౌను జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చూసింది. నెల ఆగితే జూలై వస్తుంది. అసలు పరీక్ష పంతొమ్మిదో తారీకున, పేర్లు పంపడానికి శుక్రవారం ఆఖరు. ఒక్క మార్కుతో ఇరవై రెండేళ్ళ వంటగది చేజారిపోతోంది. ఏ ప్రశ్న తప్పయింది అని అడిగాను. ఫలితాల కాగితం మీద తప్పయిన వాటి నంబర్లు మాత్రమే ఉంటాయి. మిగతావన్నీ ఎందుకు తప్పాయో తెలుస్తూనే ఉంది, ఈ పదిహేడోదే అర్థం కావడం లేదంది.

పేపరు చూడకూడదన్నాడు కానీ వినకూడదని అనలేదు కదా. చెప్పమన్నాను. ఆవిడ ఒక్క అక్షరం పోకుండా చెప్పింది. ఒక కుటుంబం పొద్దున ఎనిమిదింటికి బ్రేక్‌ఫాస్ట్ ముగించి కారెక్కుతుంది. గంటకి యాభై మైళ్ళ చొప్పున ఎక్కడా ఆగకుండా ప్రయాణించి, సరిగ్గా డిన్నర్ వేళకి అమ్మమ్మగారింటికి చేరుకుంటుంది. అమ్మమ్మగారిల్లు సుమారు ఎన్ని మైళ్ళు? యాభయ్యా, రెండు వందలా, అయిదు వందలా, రెండు వేలా?

“నువ్వేం పెట్టావు?” అన్నాను.

“రెండొందలండి.”

ఎనిమిది నుంచి పన్నెండు దాకా నాలుగు గంటలు, నాలుగు యాభైలు రెండు వందలు. ఇందులో తప్పేముంది? నేను కూడా ఒక్క నిమిషం బుర్ర గోక్కున్నాను.

డెల్మర్ వెనక నుంచి అందుకున్నాడు. “నేనూ అదే గదా పెట్టా. తప్పెందుకేశారు? దార్లో టైరు పంచరయ్యిందా ఏంటి?”

అప్పుడు వెలిగింది నాకు. మా కొండల్లో పొద్దున తినేది బ్రేక్‌ఫాస్ట్, మధ్యాహ్నం తినేది డిన్నర్, పొద్దుగూకే ముందు తినేది సప్పర్. లంచ్ అనేది మెడకి టై కట్టుకున్నవాళ్ళు తినే పదార్థం. మా నాన్న గనిలోకి తీసుకెళ్ళిన డబ్బాని డిన్నర్ డబ్బా అనేవాళ్ళం. ఆదివారం ప్రార్థన కాగానే చర్చి ఆవరణలో బల్లలు వేసి అందరూ కలిసి తినేది కూడా డిన్నరే. అది ఒంటిగంట దాటితే మా ముసలమ్మలు పాదిరిగారి మీద విరుచుకుపడేవాళ్ళు. ఆ ప్రశ్న రాసిన మహా మేధావికి డిన్నర్ అంటే సాయంత్రం ఆరు. పది గంటలు, అయిదు వందల మైళ్ళు.

“అయిదొందల మైళ్ళా?” అన్నాడు డెల్మర్. “అంత దూరాన ఎవడి అమ్మమ్మ ఉంటదండీ? మా అమ్మమ్మ పిలిస్తే పలికేంత దూరంలో ఉండేది. పది గంటలు ఆగకుండా తోల్తే మా ఆవిడ నన్ను దార్లోనే దింపేసిద్ది.”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. పిల్లలకి కాలు కిందపెట్టే అవసరం లేని ఊళ్ళో పుట్టి, హోటల్లో కొవ్వొత్తుల మధ్య డిన్నర్ చేసే శాల్తీ ఎవడో ఈ ప్రశ్న రాశాడు. ఇక్కడి మనుషులు ఏ పూట ఏం తింటారో కనుక్కోవాలన్న ఇంగితం కూడా లేదు. వాడి అజ్ఞానానికి మార్కు పోయింది మాత్రం రీథాకి. ఇప్పుడే తేలుస్తానని లేచాను.

రీథా నా చెయ్యి పట్టుకుంది. “పోన్లెండి టీచరమ్మా, వదిలేయండి. ఆ ప్రశ్న రాసినోళ్ళు...” అని ఏదో చెప్పబోయింది.

“రాసినవాళ్ళ సంగతే చూస్తాను” అని చెయ్యి విడిపించుకున్నాను. ఆవిడ చెప్పబోయింది వినలేదు.

ట్రెవర్ తన గదిలో ఆకుపచ్చ టీ తాగుతున్నాడు. ఆ వాసనే నాకు పడదు. కూర్చోమన్నా కూర్చోలేదు. పదిహేడో ప్రశ్న తప్పని, దాన్ని దిద్ది రీథాకి ఇరవై ఎనిమిది వేసి చీటీ ఇమ్మని చెప్పాను. ఎందుకు తప్పో అయిదు నిమిషాలు వివరించాను. పేపరు చూశానని అంటాడేమోనని, ఆవిడ నోటితో చెప్పగా విన్నానని కూడా చేర్చాను. అతను అడ్డు రాకుండా విన్నాడు. తనకి మూడేళ్ళ క్రితం దాకా ఈ సంగతి తెలియదని, వచ్చిన కొత్తలో ఎవరో డిన్నర్‌కి రమ్మంటే సాయంత్రం ఆరింటికి వెళ్ళి, వాళ్ళు సప్పర్ గిన్నెలు కూడా కడుగుతుండగా తలుపు కొట్టానని ఒప్పుకున్నాడు.

“మీరన్నది నిజమే మేడమ్. కానీ జవాబు మార్చే అధికారం నాకు లేదు. ప్రశ్న తయారుచేసినవారు తప్పు ఏమిటో రాసి సంతకం పెట్టాలి. అప్పుడే మార్కు కలపగలను. వాళ్ళకి నేనే ఫోన్ చేస్తాను, మీరు నిశ్చింతగా ఇంటికి వెళ్ళండి.”

నేను వెళ్ళలేదు. వాళ్ళకి ఫోన్ నేనే చేస్తానన్నాను. చేతికి మసి అంటని ఆ మనిషి ఎవరైనా సరే, నాతో మాట్లాడాక జన్మలో ఇంకో ప్రశ్న రాయరని చెప్పాను. అతను మళ్ళీ వద్దన్నాడు. ఎందుకు వద్దో చెప్పలేక టీ కప్పు ఇటు జరిపాడు, అటు జరిపాడు. నాకు అనుమానం వచ్చింది. బహుశా రాసినవాడు ఇతనే, పిరికితనం కొద్దీ దాస్తున్నాడు అనుకున్నాను, ఆ మాట పైకే అన్నాను కూడా.

“ఆ గాడిద ఎవరో నాకు చూపించండి” అన్నాను.

ట్రెవర్ నిట్టూర్చాడు. బీరువా తెరిచి, పాత దస్త్రం ఒకటి తీసి, ఒక కాగితం నా ముందు పెట్టాడు.

పేపరు టైపు చేసింది కాదు. ఎవరెవరో రాసిచ్చిన ప్రశ్నల్ని కత్తిరించి, అంటించి, జిరాక్సు తీసిన పాత పేపరే ఇప్పటికీ నడుస్తోంది. పదిహేడో ప్రశ్న దగ్గర ఎనిమిది అంకె ఉంది. ఒక సున్న, దాని నెత్తిన ఇంకో సున్న.

ఇది నా చేతిరాత కాదు అందామని నోరు తెరిచాను. కాగితం వెనక మూల నా పొడి అక్షరాలు కూడా ఉన్నాయి. ఆరేళ్ళ క్రితం, చేరిన కొత్తలో, అప్పటి డైరెక్టరు నన్ను పది ప్రశ్నలు రాసిమ్మన్నాడు. పైనుంచి కమిటీ వచ్చి చూస్తుందన్నాడు. కొండల్లో టీచరు రాసిందని ఆ కమిటీ మూతి విరవకూడదని నేను రెండు రాత్రులు కూర్చుని, ప్రతి మాటా కడిగి, ఇస్త్రీ చేసి రాశాను. జవాబు దగ్గర అయిదు వందలు అని నేనే పెట్టాను. రాసిచ్చాక ఆ ప్రశ్నల సంగతే మర్చిపోయాను. నా చిన్నప్పుడు అమ్మమ్మ ఇంటికి నడిచే వెళ్ళేవాళ్ళం. ఆ అమ్మమ్మని అయిదు వందల మైళ్ళ దూరం తోలేసింది నేనే.

ట్రెవర్ నవ్వి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఆసరా దొరికేది. అతను నవ్వలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నన్ను ఈ అవమానం నుంచి తప్పించడానికే ఇంటికి పొమ్మన్నాడని అప్పుడు అర్థమైంది. అది ఇంకా పెద్ద అవమానం.

కలం అడిగి తీసుకున్నాను. ‘పదిహేడో ప్రశ్నలో స్పష్టత లోపించింది’ అని రాసి సంతకం పెట్టాను. అతను చదివి, మెల్లగా కాగితం వెనక్కి జరిపాడు.

“తప్పు ఏమిటో కూడా ఉండాలి మేడమ్. లేకపోతే కమిటీ ఒప్పుకోదు.”

ముప్ఫై ఎనిమిదేళ్ళలో తప్పయింది అని నేను ఎక్కడా రాయలేదు. పిల్లల కాగితాల మీద లక్షసార్లు రాసి ఉంటాను, నా పేరు కింద మాత్రం ఎప్పుడూ లేదు. మొదటి వాక్యం కొట్టేసి మళ్ళీ రాశాను. ‘ఇక్కడ డిన్నర్ అంటే మధ్యాహ్న భోజనం. నేను ఇక్కడిదాన్నే. రాసేటప్పుడు అది మర్చిపోయాను. సరైన జవాబు రెండు వందలు.’

అతను చీటీ రాసి ఇచ్చాడు. డెల్మర్‌కి కూడా ఒక మార్కు కలిపాడు. ఇరవై అయ్యిందని తెలిస్తే ఊరంతా చెప్పుకుంటాడు, ఏం చేస్తాం.

మర్నాడు చీటీ పట్టుకుని వృద్ధాశ్రమానికి వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడగట్టుకున్నాను. ప్రశ్నలో తప్పు దొర్లిందట, గట్టిగా అడిగితే దిద్దారు అని చెబితే సరిపోతుంది. ఎవరి తప్పు అన్నది చెప్పక్కర్లేదు. ఆవిడ నన్ను పొగుడుతుంది, నేను వద్దంటాను, అంతటితో అయిపోతుంది. సరిగ్గా అలాగే చెప్పాను. ఎవరో బుద్ధిలేనివాళ్ళు రాసిన ప్రశ్న అని కూడా అలవాటు కొద్దీ అనేశాను.

రీథా చేతులు తుడుచుకుని చీటీ అందుకుంది. రెండుసార్లు చదివింది. దాన్ని తడి తగలకుండా గూట్లో పిండి డబ్బా వెనక పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

“మీరు పాపం ఆ డైరెక్టరు ముందు ఇబ్బంది పడ్డారా?” అని అడిగింది.

నాకు ఇబ్బందేమిటన్నాను.

“మీ ప్రశ్నే గదండీ. నిన్న చెప్దామంటే మీరు ఆగలేదు. అందరి ముందూ అనడం బాగోదని నేనూ ఊరుకున్నా.”

నీకెలా తెలుసని అడిగాను, అడగకుండా ఉండాల్సింది.

“మీ ఎనిమిది నాకు తెలవదా? తొమ్మిదో క్లాసు నుంచీ చూస్తున్నా.” పొయ్యి దగ్గరికి వెళ్ళి గరిటెతో బీన్స్ అడుగంటకుండా తిప్పింది. “బయటోళ్ళ డిన్నరు సాయంత్రమని నాకు తెలుసండి. కొత్త కంపెనీవోళ్ళ కాగితాల్లో అట్టాగే ఉంటది, రోజూ చూస్తా. ముందు అయిదొందలకే సున్న చుట్టబోయాను. అప్పుడు మీ ఎనిమిది కనబడింది. మీరే గదా అప్పట్లో చెప్పారు, బయటోళ్ళ ముందు లంచ్ అనండి, మనలో మనం డిన్నర్ అనుకుంటే తప్పేం లేదని. ఓహో, ఇది మనోళ్ళు రాసిందే అనుకుని రెండొందలకి మార్చా.”

ఆ మాట నేను అన్నాను. ఏటా తొమ్మిదో క్లాసులో మొదటి వారం అనేదాన్ని. చిన్నప్పుడు మానేసిన పిల్ల ముప్ఫై ఏడేళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంది. చెప్పినదాన్ని నేను మర్చిపోయాను. సరైన జవాబు దాకా వెళ్ళి కూడా, నా చేతిరాత చూసి, నన్ను నమ్మి, మార్కు పోగొట్టుకుంది.

ఏదో ఒకటి అనాలి కదా అనుకున్నాను. క్షమించమనడం నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ ఎవరికీ నేర్పలేదు.

రీథా అదేమీ పట్టించుకోలేదు. కంచంలో ఇంత బీన్స్ వడ్డించి, పక్కన మొక్కజొన్న రొట్టె ముక్క, పచ్చి ఉల్లిపాయ చక్రం పెట్టి, బల్ల చివర జాగా చేసింది. లోపలి గదుల్లోంచి ముసలివాళ్ళు చక్రాల కుర్చీలు తోసుకుంటూ భోజనాల గదిలోకి వస్తున్న చప్పుడు మొదలైంది. గోడ గడియారంలో పన్నెండు దాటి అయిదు నిమిషాలైంది.

“కూచోండి టీచరమ్మా,” అంది, “డిన్నర్ వేళయ్యింది.”